గంప కింద మొక్కు కోడి

బరంపురం శివారు కాలనీలో ఉన్న కూతురు మాధవి ఇంటికి చేరినప్పుడు కాసమ్మ గోపాలపూర్ ఒడ్డు నుంచి తెచ్చుకున్నది ఒక బట్టల మూట, కాలికి పసుపు గుడ్డ కట్టిన ఒక పుంజు. వేటకు వెళ్లిన పడవ తిరగబడితే తోటివారు ఒడ్డు చేరారు. భర్త కొండలు చేరలేదు, శవమూ దొరకలేదు. ఆ సాయంత్రమే ఆమె పుంజును గంగమ్మకు మొక్కింది. మనిషి తిరిగొస్తే అది తల్లికి బలి. అంతవరకు దాన్ని అమ్మరాదు, కోయరాదు, మరో గడపకు ఇవ్వరాదు.

కర్మ జరిపిద్దామని ఆడపడుచు ఈశ్వరమ్మ ఎన్నిసార్లు కబురంపినా ఆమె జవాబు ఒక్కటే: "నా మొక్కు బతికే ఉంది వదినా. మీ తమ్ముడు సచ్చిపోనాడని మీకెవులు సెప్పినారు?"

చేతి గాజులు చేతికే ఉన్నాయి.

వేసవిలో కాలనీ సంఘం కార్యదర్శి శంకర్ కాగితం పట్టుకొచ్చాడు. ఇళ్ల మధ్య కోడి కూత వినబడరాదట.

"మౌసీ, నీ అలారం తెల్లారకుండానే లేపేస్తంది. అమ్మేయ్, లేదా కూరొండి మమ్మల్ని పిలు."

"మొక్కు కోడి బాబూ, అలాటి మాటనకు. పూజ పందిట్లో మీరెట్టిన మైకు కన్నా దీని గొంతు పెద్దదేటి?"

"మైకు సంగతి ఇందులో లేదు. మళ్లీ కూసిందంటే మునిసిపాలిటీ బండొచ్చి పట్టుకుపోతాది."

నిజమే, లేదు. మైకు పెట్టినవారే కాగితం రాశారు గనుక ఎలా ఉంటుంది?

చీకట్లో కోడి కూయదని కాసమ్మకు తెలుసు. రోజూ పొద్దుగూకగానే పాత చేపల గంప బోర్లించి, పైన తడి గోనె కప్పి, బాగా తెల్లారాక తీసేది. పుంజు నోరు మూసుకుంది.

ఒకనాడు పొద్దున్నే వీధి చివర మునిసిపాలిటీ బండి మోత వినిపించింది. కాసమ్మ గంప తీయకుండా, పైన ఇంకో గోనె వేసి, గుమ్మంలో కాపలా కూర్చుంది. మధ్యాహ్నానికి మాధవి విచారించి వచ్చింది.

"అది సెత్త బండేనే అమ్మా."

గంప ఎత్తేసరికి గోనెలు ఎండకు ఎండి అట్టలు కట్టి ఉన్నాయి. పుంజు ముక్కు తెరుచుకుని పక్కకు ఒరిగి ఉంది.

"ఇంకోటి కొందామే."

"మొక్కింది దీన్నే."

ఆ గంపలోనే పెట్టుకుని, మాధవితో బస్సెక్కి గోపాలపూర్ వెళ్లింది. నీటి అంచున దించితే అల వచ్చి పసుపు గుడ్డతో సహా పుంజును తీసుకుపోయింది. చాలాసేపటికి కూతురి ఫోను అడిగి తీసుకుంది.

"వదినా, పంతుల్ని కర్మకి రోజు సూడమనండి" అంది.

అవతల ఈశ్వరమ్మ ఏడుపు మొదలెట్టింది. కాసమ్మ ఒడ్డునే కూర్చుని, గాజులు చప్పుడు కాకుండా చేయి ఒళ్లో పెట్టుకుంది.