చెప్పులు విడిచి గడప ముందు కూర్చున్న రోజు

ఆ పొద్దున జొన్నరొట్టె కొరకబోతే దవడ కదల్లేదు. నొప్పి కాదు, బిగుసుకుపోవడం. జ్ఞానదంతం వస్తోందనుకున్నాను. "నలభై ఏండ్లకన్నా జ్ఞానమొస్తున్నది, సంతోషం," అని మా ఆవిడ యాదమ్మ ఎగతాళి చేసింది. మా ఊరి దగ్గర ఎయిర్‌పోర్టు మొదలైన మూడో ఏడు అది.

శంషాబాద్‌లో పళ్ల డాక్టర్ నొప్పి మాత్రలు రాశాడు. అవి మింగుతూ రెండు రోజులు పోగొట్టుకున్నాను. తలుచుకుంటే నా మీద నాకే కోపం వస్తుంది. మూడోనాడు మెడ తిరగలేదు, నీళ్లు గొంతు దిగలేదు. పెదాలు పక్కలకు సాగిపోయాయి.

"నీళ్లు మింగస్తలేదంటవు, మల్ల నవ్వుతవేంది? నాకు భయమైతున్నది," అని యాదమ్మ ఏడ్చింది. నేను నవ్వడం లేదు. నా మూతి నా మాట వినడం మానేసింది.

ఆరాంఘర్ దాటి సిటీలో పెద్ద దవాఖానకు తీసుకెళ్లారు. డాక్టరమ్మ చిన్న పుల్లతో గొంతు లోపల తాకింది. వాంతి వచ్చినట్టు నోరు తెరుచుకోవాల్సింది పోయి, పళ్లు ఆ పుల్లను కరిచి పట్టాయి. ఆమె ముఖం మారింది.

"ఈమధ్య ఏమైనా గుచ్చుకుందా?"

నాకు గుర్తు రాలేదు. వెనక నుంచి మా అమ్మ అన్నది: "గడప కాడ మేకు దిగలేదా బిడ్డా?"

పది రోజుల కిందటి మాట. పాత ఇంటి గడపనే కొత్త ఇంటికి పెట్టాలని అమ్మ పట్టుబట్టింది. అది ఏడాదిగా పశువుల కొట్టంలో పడి ఉంది. వడ్రంగి ఇయ్యాల రేపు అని తిప్పుతుంటే, నాగలి పట్టినవాడికి ఇదొక లెక్కా అని, దాని పాత మేకులు పీకడానికి నేనే సుత్తి కొన్నాను. మేకు పీకడం కూడా అదే మొదటిసారి. పని మొదలుపెట్టేముందు అమ్మ గడపకు పసుపు రాసింది. లక్ష్మి ముందు చెప్పులేమిటని విడిచి కూర్చున్నాను. లేచి అడుగు వేస్తే, పీకిన మేకు ఒకటి మడమలో దిగింది. రక్తం కొంచెమే. గడపకు రాయగా మిగిలిన పసుపే అద్దుకున్నాను. సబ్బుతో కడగలేదు, సూది వేయించుకోలేదు.

"టెటనస్," అన్నది డాక్టరమ్మ. "విరుగుడుగా ఇమ్యునోగ్లోబులిన్ ఇస్తాం. కానీ నరాలకు పట్టిన విషాన్ని వెనక్కి తీయలేం. అది దిగేదాకా కాచుకోవాలి."

ఐసీయూలో నా గది చీకటి చేశారు. చెంచా కింద పడిన చప్పుడుకే ఒళ్లంతా బిగిసి వీపు పైకి లేచేది. తెలివి మాత్రం పోదు, అదే ఘోరం. తర్వాత గొంతుకు రంధ్రం చేసి వెంటిలేటర్ పెట్టారు. మధ్యలో న్యుమోనియా వచ్చింది. "జర ధైర్యంగుండు అక్కా," అని సిస్టర్ యాదమ్మతో అనడం వినిపించింది. ఇగ బతకనని అప్పుడే అనుకున్నాను.

నెల దాటాక బయటపడ్డాను. "ఒకసారి వచ్చిపోయింది కదా అనుకోకండి, మళ్లీ రావచ్చు. టీకాలు పూర్తి చేయండి," అని డాక్టరమ్మ హెచ్చరించి పంపింది.

ఇప్పుడు నల్లా వాషర్, తలుపు గొళ్లెం నేనే మారుస్తాను, బూట్లు వేసుకుని. మీరు కూడా సుత్తి కొనేముందు టీటీ సూది సంగతి చూసుకోండి. ఏదైనా గుచ్చుకుంటే సబ్బు నీళ్లతో కడిగి, అదే రోజు దవాఖానకు పొండి.

మా గడపలో ఇంకో మేకు ఉంది. తల విరిగింది, ఎంత పీకినా రాదు. అమ్మ ప్రతి శుక్రవారం ఒట్టి చేత్తో దాని మీదుగానే పసుపు రాస్తుంది. మొన్న ఆమె వేలి మీద ఎర్రటి గీత కనిపించింది.

"ఏం కాలే బిడ్డా, పసుపు అంటింది గద," అన్నది.

ఆమె చెయ్యి నల్లా కింద పెట్టి సబ్బుతో కడిగి, ఆటో పిలిచాను.