నేను దాచిన క్రియేటిన్ డబ్బా

మూడేళ్ళ క్రితం నేను కేవలం సిగ్గు వల్ల చావబోయాను. అతిశయోక్తి కాదు, ఉదయపు బరువు, రక్తపోటు, చీలమండల చుట్టుకొలతలతో సహా నా నోటు పుస్తకంలో సాక్ష్యం ఉంది.

గుంటూరు మిర్చి యార్డులో గుమాస్తాగా రిటైరైనవాణ్ణి. జిమ్ముకెళ్ళే కుర్రాళ్ళు డబ్బా పొడులు తాగడం దేశద్రోహమని వీధంతా ఉపన్యసించినవాణ్ణి. అలాంటి నేను, కుర్చీలోంచి లేవడానికి చేతులు ఆనించాల్సి వస్తోందని వ్యాయామం మొదలుపెట్టి, మిత్రుడు మస్తాన్ చేత రహస్యంగా అలాంటి పొడే ఒకటి, క్రియేటిన్ అనేది, తెప్పించుకున్నాను. రోజుకొక చెంచా. సమస్తం రాసుకునే నేను ఆ ఒక్కటి మాత్రం రాయలేదు.

పదోరోజుకు రెండు కిలోలు పెరిగాను. తిండి పెరగలేదు, కనుక వాపే! పరుగున రక్తపరీక్ష చేయించాను. కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ హద్దు దాటింది.

"కొత్తగా ఏమన్నా వాడుతున్నారా?" అని డాక్టరమ్మ అడిగింది.

"లేదండీ."

పక్కనున్న మస్తాన్ దగ్గాడు.

"నాటు మందులు? పొడులు?"

"ఛ! నేనా?"

"అయితే వెంటనే కిడ్నీ స్పెషలిస్టును కలవండి."

డయాలసిస్ మంచం, పక్కన ఏడుస్తున్న నా భార్య, మంచానికి వేలాడే చార్టులో ఎవరో చేసిన కూడికల తప్పులు, అన్నీ కళ్ళకు కట్టాయి. అయినా "అలాగేనండీ" అని కుర్చీలోంచి లేవబోయాను. పాఠకులారా, పరువంటే అంత!

"ఒరేయ్ కోటయ్యా, నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నోర్మూసుకో మస్తానూ!"

"నువ్వు పోతే పాడె మోసేది నేనురా! అదీ రెండు కిలోలు ఎక్కువ! అమ్మా, ఈయన రోజూ క్రియేటిన్ తాగుతున్నాడండీ!"

డాక్టరమ్మ కలం కింద పెట్టింది. క్రియేటిన్ మన ఒళ్ళు తానే తయారు చేసుకుంటుందట. మాంసంలో, చేపల్లో కూడా ఉంటుందట. వ్యాయామంలో కండలకు సత్తువనిస్తుందట. కండల్లోకి నీరు లాగుతుంది గనుక మొదట్లో బరువు పెరుగుతుందట. అది విరిగితే వచ్చేదే క్రియాటినిన్ గనుక పరీక్షలో అంకె కూడా కాస్త పెరగవచ్చట.

"ముందే చెప్పొద్దా అండీ? పొడి ఆపి, నెలాగి మళ్ళీ పరీక్ష చేయించండి. అప్పుడు తేలుతుంది."

ఆ నెలంతా భయంతోనే బతికాను. చివరికి అంకె దిగింది, బరువూ దిగింది. కాగితం చూసి మస్తాన్ పడీ పడీ నవ్వాడు.

"మిర్చికి నీళ్ళు చల్లి బరువు పెంచారని ముప్ఫై ఏళ్ళు రైతుల్ని తిట్టావు గదరా! ఆ పొడి తాగిన రోజుల్లో నిన్ను యార్డులో దించితే ఎవడన్నా కొనేవాడా?"

ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయుచున్నాను: వైద్యుల ఎదుట ఇకపై దేనినీ దాచను. మస్తాన్ ఎదుట మాత్రం కాటా ఎక్కను.