గురువారం డిస్కు

ఏ రెండు వస్తువులూ ఒకే చోట ఉండకూడదన్నది విడివిడి బాబాయి జీవిత సిద్ధాంతం. కంటి ఆసుపత్రిలో కంప్యూటర్ల గది ఆయనది. అసలు పేరు జీతాల కాగితం మీద తప్ప ఎక్కడా కనపడదు. పెద్ద డాక్టరు మొదలుకొని వరండా ఊడ్చే ఆయమ్మ దాకా అందరికీ ఆయన విడివిడి బాబాయే.

ఇంట్లోనూ అదే వరస. చెప్పుల జతలో ఒకటి వీధి గుమ్మం దగ్గర, రెండోది పెరటి తలుపు దగ్గర విడిచేవాడు. దొంగ పడితే ఒక్కటే పోతుందని ధీమా. మిగిలిన ఒంటి చెప్పుతో ఏం చేస్తారని మందుల కౌంటరావిడ అడిగింది. ఆయన చాలా రోజులు తల బద్దలు కొట్టుకుని, చివరికి అదే కొలతలో ఇంకో జత కొన్నాడు. కొత్త జత రెండూ ఒకే పెట్టెలో ఉన్నాయన్న బెంగతో ఆ రాత్రి ఆయనకి కంటి మీద కునుకు లేదు.

డిస్కుల దగ్గర మాత్రం ఆయన పిచ్చిని ఎవరూ తప్పుపట్టలేరు. రోగుల వివరాలన్నీ సర్వర్‌లో ఉంటాయి. అది కాస్తా చెడిపోతే ఎవరి ఏ కంటికి ఆపరేషన్ చేయాలో చెప్పే దిక్కుండదు. అందుకని పని ముగిశాక అన్నిటికీ నకలు తీసి ఒక హార్డ్ డిస్కులోకి ఎక్కించి, దాన్ని ఊడదీసి, ఇంకోటి తగిలించేవాడు. ఊడదీసిన డిస్కు ఆసుపత్రి గడప దాటి తీరాలి. ఒకటి మెషీన్లో ఉంటే ఒకటి బ్యాంకు లాకర్లో, మరొకటి ఊరవతల బ్రాంచిలో. ఏ రోజు ఏది ఎక్కడుండాలో గోడ మీద రంగుల పట్టిక ఉండేది.

డిస్కును తువ్వాలులో చుట్టి, గుండెలకి హత్తుకుని బస్సెక్కేవాడు. ఎవరైనా తగిలితే ముందు డిస్కును తడిమి చూసుకుని, తరవాత తన మోచెయ్యి సంగతి చూసుకునేవాడు. ఒకసారి ఆ మూటను చూసి ఒక పెద్దావిడ లేచి సీటిచ్చింది. ఎన్నో నెల అని అడిగింది. నాలుగేళ్లు నిండాయని ఆయన గంభీరంగా చెప్పాడట.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మకి మొదట్లో ఇదంతా ముచ్చటగానే ఉంది. చేరిన రోజునే ఆయన ఆమె గదికి రెండు తాళంచెవులిచ్చి, రెండూ ఒకే సంచిలో వేసుకోవద్దని బతిమాలాడు. ఆమె నవ్వుకుంటూనే అలాగే చేసింది. కానీ పై నుంచి తనిఖీ ఉందని కబురొచ్చి, పట్టిక ముందు నిలబడేసరికి ఆ నవ్వు ఆరిపోయింది. గురువారం గడిలో "పెద్ద సిస్టరు ఇల్లు" అని ఉంది.

పెద్ద సిస్టరంటే ఆపరేషన్ థియేటర్‌ని ఒంటిచేత్తో నడిపి, ఎప్పుడో రిటైరైన నర్సు. రోగుల వివరాలు ఆవిడ ఇంట్లో ఎందుకున్నాయని మేనేజరమ్మ అడిగింది. అన్నీ ఒకచోట ఉండకూడదు కదా అన్నాడాయన. ఇప్పటికే మూడుచోట్ల ఉన్నాయంది ఆమె. నాలుగోది కూడా ఉంటే మంచిదని ఆయన నేల చూపులు చూస్తూ గొణిగాడు.

గురువారాలకి డిస్కులు రెండు. ఒకటి ఇచ్చి ఒకటి తెచ్చుకుంటాడు. ఆ వారం తెచ్చినదాన్ని మేనేజరమ్మ తన కంప్యూటర్‌కి తగిలించి చూసింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అది చచ్చి చాలా కాలమైందని రిపేరు షాపతను తేల్చాడు.

ఇప్పుడామెకి నిజంగా భయం పట్టుకుంది. సిస్టరు దగ్గరున్న రెండో డిస్కులో వివరాలుంటే, రోగుల గుట్టు బయటి ఇంట్లో పెట్టినందుకు బాబాయి ఉద్యోగం పోతుంది. అదీ చచ్చినదే అయితే, ఇన్నేళ్లూ పని ఎగ్గొట్టి తిరిగాడని తనిఖీ నివేదికలో రాయాలి. ఎటు రాసినా, రిటైర్మెంటు ముంగిట్లో ఉన్న మనిషిని చేతులారా రోడ్డున పడేసినట్టే. రాసేముందు ఆ డిస్కు తనే తెచ్చుకుందామని బయల్దేరింది.

పెద్ద సిస్టరు తలుపు సగమే తీసి, గుర్తింపు కార్డు అడిగి, ఫొటోనీ మొహాన్నీ మార్చి మార్చి చూసింది. డిస్కు బాబాయి చేతికి తప్ప ఇవ్వనని చెప్పింది. మేనేజరైనా సరే, తనకి బయటి మనిషేనంది.

మేనేజరమ్మకి ఇక దాచాలనిపించలేదు. "అందులో ఏమీ లేకపోవచ్చండీ" అంది మెల్లగా.

"తెలుసమ్మా. లోపలికి రా."

ఆవిడ బీరువా తాళం తీసి, డిస్కు తెచ్చి చేతిలో పెట్టింది. ఊపి చూడమంది. లోపల ఏదో గలగలమంది.

"ఒకసారి దుమ్ము తుడుస్తుంటే ఇది సబ్బునీళ్ల బకెట్లో పడింది. వణికిపోయాను. రెండ్రోజులు ఎండబెట్టి, ఏమీ ఎరగనట్టు ఇచ్చేశాను. ఆసుపత్రి మునిగిపోతుందనుకున్నా. తరవాతి వారం మీ బాబాయి నవ్వుతూ వచ్చి, అంతా భద్రంగా ఉంది సిస్టరుగారూ అన్నాడు. అప్పుడర్థమైంది, ఇది నా కోసం కల్పించిన పని అని."

ఆవిడ కొంగుతో డిస్కు తుడిచింది. "రిటైరయ్యాక ఈ గుమ్మం ఎవరూ తొక్కలేదమ్మా. ఊరికే చూడ్డానికొస్తే నేను అభిమానపడతానని, ఆసుపత్రిలో సగం నా చేతుల్లో పెట్టానన్నాడు. నిజం తెలుసని చెబితే పాపం చిన్నబోతాడు. అందుకే రోజూ తాళం వేస్తున్నాను."

 మేనేజరమ్మ డిస్కును తిరిగి ఆవిడ చేతుల్లోనే పెట్టి, జాగ్రత్తండీ అని వచ్చేసింది.

మర్నాడు పొద్దున బాబాయి చూస్తుండగా పట్టికలో గురువారం గడి కొట్టేసింది. ఆయన మొహంలో నెత్తురుచుక్క లేదు. చచ్చిన డిస్కు ఆసుపత్రి పట్టికలో ఉండటానికి వీల్లేదని ఆమె చెప్పింది. ఇకమీదట అది డ్యూటీ దిగాక, సొంత పని కింద వెళ్లాలంది.

"ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి మేడమ్" అన్నాడాయన.

"తెలియనివ్వను. ఈ గురువారం మీతో నేనూ వస్తాను బాబాయ్."

ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. అంతలోనే మొహం గంభీరంగా పెట్టాడు. "ఆసుపత్రి పాస్‌వర్డు తెలిసింది మనిద్దరికే. ఒకే బస్సు ఎక్కకూడదు మేడమ్."

ఆ గురువారం సాయంత్రం ఇద్దరూ ఒకే స్టాపులో నిలబడ్డారు. మొదటి బస్సు ఖాళీగా వచ్చింది. బాబాయి మూట హత్తుకుని అందులో ఎక్కాడు. మేనేజరమ్మ ఆయనకి చెయ్యి ఊపి, తరవాతి బస్సు కోసం నిలబడింది.