తాయమ్మ పోసిన క్యూబులు

తడ దగ్గర కడుతున్న ఒక కంపెనీ షెడ్డులో తాయమ్మ కూలి పనికి పోయేది. అక్కడ ఇనుప స్తంభాలు నిలబెట్టాక, వాటి పాదాల కింద మిగిలే సందులోకి గ్రౌటు పోస్తారు. జారుగా కలిపిన సిమెంటు అది. గట్టిపడ్డాక స్తంభం బరువంతా దాని మీదే. పోసినప్పుడల్లా అందులోంచే కొంచెం తీసి, ఇనుప అచ్చుల్లో క్యూబులు పోసి తిరుపతి ల్యాబుకు పంపాలి. అక్కడ మిషన్లో పెట్టి పగిలేదాకా నొక్కి, బలమెంతో తేలుస్తారు.

ల్యాబు నుంచి సుందరరాజు అనే పెద్దాయన వచ్చి ఆ పని నేర్పి వెళ్లాడు. మగవాళ్లెవరూ చెవిన పెట్టలేదు. తాయమ్మ పెట్టింది. అచ్చుకు నూనె రాయడం, గాలి బుడగ నిలవకుండా పోయడం, తడి గోనె కప్పి ఒక రోజంతా నీడన కదపకుండా ఉంచడం. ఇన్నేళ్ల కూలి బతుకులో తనదని చెప్పుకోగలిగిన పని ఆమెకు అదొక్కటే.

మొదటి మూడు క్యూబులూ ఫెయిలయ్యాయి. ఇంజనీరు మునిప్రసాద్ ఆమెనే పిలిచి అడిగాడు. తాయమ్మ ఆరా తీస్తే తెలిసింది. శనివారం పోసినవాటిని ఆ సాయంత్రమే, పచ్చిగా ఉండగానే పికప్ బండిలో వేసుకుని గుంతల్లో ఎగరేసుకుంటూ తీసుకుపోయారు. ఆదివారం ల్యాబుకు సెలవు. అవి వరండాలో ఎండకు ఎండిపోయాయి.

"గ్రౌటు బాగుండాది సార్. క్యూబులే సెడిపోయినాయి. ఒక్క దినం ఈడనే నీడలో ఉండనీండి" అంది.

బండి మళ్లీ వారానికి గానీ రాదని, ఏడో రోజున చేయాల్సిన పరీక్ష తప్పిపోతుందని ఆయన చెప్పాడు. రెండోసారీ అదే జరిగింది.

ఆ రిపోర్టు పట్టుకుని నాలుగు స్తంభాల కింద గ్రౌటు పగలగొట్టించారు. ఆమె తమ్ముడు కుప్పయ్యే సుత్తి పట్టాడు. ఉలి నిలవనంత గట్టిగా ఉందది. తాయమ్మ ఒక ముక్క తెచ్చి మునిప్రసాద్ చేతిలో పెట్టింది. ఆయన తిప్పి చూసి పక్కన పడేశాడు.

ఇక సైటులో క్యూబులు వద్దన్నారు. కలపని గ్రౌటు సిమెంటు మూట ఒకటి ల్యాబుకే పంపి, అక్కడే కొలిచిన నీళ్లతో పోయించారు. అన్నీ పాసయ్యాయి. ఇక్కడేమో స్తంభాల కింద మళ్లీ పోసేటప్పుడు ఎండకు గ్రౌటు బిగుసుకుంటుంటే, జారడానికని కూలీలు బిందెలతో నీళ్లు గుమ్మరించారు. నీళ్లెక్కువైతే బలం పోతుందని తాయమ్మ పోయి మునిప్రసాద్‌కు చెప్పింది. రిపోర్టు బాగానే వచ్చింది కదా అన్నాడాయన.

ఆమెకు మనసు ఊరుకోలేదు. ఆ నీళ్ల గ్రౌటుతోనే మూడు క్యూబులు పోసి, వారం రోజులు ఇంట్లో బకెట్లో నానబెట్టి, తడిగుడ్డ చుట్టి ఒళ్లో పెట్టుకుని బస్సులో తిరుపతి వెళ్లింది. సైటు లెటరు లేనిదే తీసుకోకూడదని ల్యాబులో కోమలి అనే అమ్మాయి చెప్పింది.

"రాసుకోవద్దమ్మా. ఒక్కటి నొక్కి, ఎంతుండాదో నాకు సెప్పు, సాలు."

లోపల్నించి ఎవరో పిలిస్తే కోమలి వెళ్లిపోయింది. తాయమ్మ గంటసేపు కూర్చుని, మూట ఎత్తుకుని తిరుగు బస్సెక్కింది.

సంగతి తెలిసి మునిప్రసాద్ ఆమెను పనిలోంచి తీసేశాడు. అచ్చులు పాతినుముకు పోయాయి. షెడ్డుకు కప్పు పడింది, మిషన్లు దిగాయి.

కంపెనీ మొదట పనికి తీసుకున్న ఆడపిల్లల్లో తాయమ్మ కూతురు జెస్సీ ఉంది. రెండేళ్లుగా ఎక్కడా పని దొరక్క కుమిలిపోయిన పిల్ల. వద్దని చెప్పడానికి తాయమ్మ దగ్గర ఏ ఆధారమూ లేదు. మొదటి రోజు పొద్దున జడ వేస్తూ, స్తంభాల దగ్గర నిలబడొద్దని మాత్రం చెప్పింది.

"మనకు నచ్చిన సోట నిలబడనిస్తారామ్మా" అని జెస్సీ సంచి తగిలించుకుని బయల్దేరింది.