ఎర్ర తువ్వాలు, నా మూడో రౌండు

ఆ రోజుల్లో లోకంలోని అన్యాయమంతా పనిగట్టుకుని నా ఒక్కదాని మీదే జరుగుతోందని నాకు గట్టి నమ్మకం. ఇంటర్ రెండో ఏడు. డిగ్రీకి పాడేరు వెళ్ళాలి, హాస్టలంటేనే నాకు జ్వరం. నాన్న (మా ఊరి బడి మేష్టారు) పాత మోపెడ్ నాకిస్తే రోజూ ఇంటి నుంచే వెళ్ళిరావచ్చు. నా నస భరించలేక ఆయన, "క్రిస్మస్ పందెంలో గెలు, బండి నీదే. ఓడితే హాస్టలే," అన్నాడు.

చర్చి కుర్రాళ్ళు పెట్టిన మోపెడ్ల పందెం అది. చర్చి గేటు నుంచి కొండ మీది నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి రావాలి, మూడు రౌండ్లు. నా దస్తూరి బాగుంటుందని పందెం రూళ్ళు రాసే పుస్తకం నాకిచ్చారు. మా బండి ఎత్తు కనిపిస్తే దగ్గుతుంది, నేను వెనకబడటం ఖాయం. మా దారికి ఆవులు అడ్డం రాని గంటా ఉండదు. అందుకని, "మధ్యలో పందెం ఆపితే, ఎవరెంత ముందున్నా, అందరూ మళ్ళీ ట్యాంకు దగ్గర ఒకే గీత మీద నిలబడాలి," అని రాసేశాను. మేము పొగబండి బావ అని పిలిచే మా మేనమామ కొడుకు, "ముందున్నోడి కష్టం ఏటైపోద్ది?" అన్నాడు. "ఫోన్లో కార్ల పందేలు సూడు. అక్కడా ఇలాగే సేత్తారు, నీకేటి తెలుసు," అని నోరు మూయించాను.

తీరా పందెం రోజు ఆ బండికి ఏ దేవుడు పూనాడో, ఒక్క దగ్గు లేదు. మూడో రౌండు దిగుతూ వెనక్కి చూస్తే బావ పొగ కూడా కనిపించలేదు. ఒక్క మలుపు దాటితే గేటు. (మనసులో అప్పటికే పాడేరు బజార్లో హారన్ కొడుతున్నాను.) సరిగ్గా అప్పుడే చినుకులు మొదలయ్యాయి. మలుపులో సగం రోడ్డు మీద బరకాలేసి కాఫీ గింజలు ఎండబెట్టిన మా అమ్మమ్మ, చేతులు రెండూ చాపి నా బండికి అడ్డంగా వచ్చి నిలబడింది. గేటు దగ్గర పందెం పెద్దగా నిలబడ్డ నాన్న, పందెం ఆపమని ఎర్ర తువ్వాలు ఎత్తాడు.

"ఒలే గుంటా, అలా సూత్తావేటే? బేగి రా, గింజలు తడిసిపోతన్నాయి," అంది అమ్మమ్మ.

బండి పక్కన నిలబెట్టి బుట్ట అందుకున్నాను. గింజలు ఎత్తుతూనే ఉన్నాను, కళ్ళు మాత్రం ఎగువ రోడ్డు మీదే. చాలాసేపటికి బావ తీరిగ్గా దిగివచ్చి, నా పక్కనే కూర్చుని బుట్ట నింపడం మొదలుపెట్టాడు.

గింజలు వసారాలోకి చేరగానే చినుకులు ఆగిపోయాయి. నాన్న రూళ్ళ పుస్తకం తీసి, "అందరూ ట్యాంకు కాడ గీత మీదకి ఎల్లండి," అన్నాడు.

"నాన్నా, నేను సగం కొండ ముందున్నాను."

"సూసినానమ్మా."

"మరి?"

ఆయన పుస్తకం నా ముందు పెట్టాడు. ఎంత అందంగా ఉన్నాయో ఆ అక్షరాలు. "ఎవరెంత ముందున్నా" కింద గీత కూడా నేనే గీశాను. కన్నతండ్రి, కన్నకూతురి దస్తూరితోనే కూతురి గొంతు కోస్తాడని ఎవరనుకుంటారు?

ట్యాంకు దగ్గర ఈల వేయగానే బండి ఒక్కసారి దగ్గింది. ఆ దగ్గులోనే బావ వెళ్ళిపోయాడు. నాన్న నన్ను ముంచేశాడని ఆ రోజంతా ఏడ్చాను. ముంచింది ఎవరో గుర్తొచ్చినప్పుడల్లా ఇంకాస్త ఏడ్చాను. హాస్టల్లో మూడేళ్ళున్నాను.

ఇప్పుడు ఆ బడిలో మేష్టరమ్మని నేనే. పోయిన క్రిస్మస్‌కి ఎర్ర తువ్వాలు నా చేతికొచ్చింది, అదే పాత పుస్తకంతో సహా. చివరి రౌండులో ఒక గుంట అందరికంటే ఎంతో ముందు దూసుకొస్తోంది, ఇంతలో గేటు ముందుకి గేదెలు వచ్చి నిలబడ్డాయి. తువ్వాలు ఎత్తాను. అది హెల్మెట్ తీసి నావైపు చూసిన చూపు నాకు బాగా తెలిసిన చూపే.

"మేడమ్, ఇదేం రూలు? ఎవులు రాసినారిది?"

పుస్తకం మెల్లిగా మూసి చంకలో పెట్టుకున్నాను.

"ఎవులో బుర్ర తక్కువ గుంట రాసిందిలేమ్మా. గీత మీదకి ఎల్లు," అన్నాను.