పట్టపగలు చుక్క

జహీరాబాద్‌లో కార్డు అంటే రేషన్ కార్డే. నా జేబులోది వేరు. హైవే పక్కన, ట్రాక్టర్ విడిభాగాలకు లేజర్‌తో అతుకులు వేసే చిన్న షెడ్డులో పనిచేసేవాణ్ణి. ఆ కిరణం కంటికి కనిపించదు. కన్ను మాత్రం దానికి కనిపిస్తుంది. అది ఎక్కడ పడుతోందో తెలియాలంటే ఫాస్ఫర్ పూసిన కార్డును అడ్డం పెట్టాలి. కిరణం తగిలినచోట నారింజ రంగు చుక్క వెలుగుతుంది. పట్టపగలు చుక్కలు చూపించే ఉద్యోగమని నేనే అని నేనే నవ్వుకునేవాణ్ణి. ఇంకెవరూ నవ్వేవారు కాదు.

ఆ కార్డుకు తిండి వెలుతురే. ముందు కాసేపు ట్యూబ్‌లైటు కింద పెట్టాలి, లేకపోతే చుక్క రాదు. ఈ సంగతి షెడ్డులో అందరికీ చెప్పింది నేనే.

దసరాకు మిషన్లకూ స్పానర్లకూ పూజ చేశాం. కార్డూ ఆయుధమే కదా అని బొట్టు పెట్టి, ఎర్రగుడ్డలో చుట్టి బీరువాలో పెట్టాను. అంత మర్యాద నా డిగ్రీ సర్టిఫికెట్‌కు కూడా దక్కలేదు.

సెలవుల తర్వాత మొదటి పొద్దున అతుకు పక్కకు పోతోంది. మిషన్ నడిపే అన్న, నాకన్నా పదేళ్లు పెద్ద, పవర్ తగ్గించి కిరణం వదిలాడు.

"జర చూడు తమ్మీ."

గుడ్డ విప్పి, కార్డును కళ్లకద్దుకొని అడ్డం పెట్టాను.

"లేదన్నా."

"మంచిగ చూసినవా?"

"లేదంటున్న గద. మిషన్ ఇంక దసరా సెలవులల్లనే ఉన్నది."

అన్న నవ్వాడు. నా జోకుకు ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వుతోనే లేజర్ కళ్లద్దాలు తీసి, లెన్స్‌కు మసి పట్టిందేమోనని కింది నుంచి వంగి చూశాడు.

"అరే," అన్నాడు. అంతే. నొప్పి కూడా లేదన్నాడు.

కార్డును దేవుణ్ణి చేసి, చీకట్లో పస్తు పెట్టానని అప్పుడు తెలిసింది.

కుడికన్ను నడుమ కాలిందనీ, అది మానేది కాదనీ దవాఖానలో చెప్పారు. మొహం చెల్లక నెల ఆగి వాళ్లింటికి వెళ్లాను. అన్న వాకిట్లో కూర్చొని చేన్లోంచి తవ్వి తెచ్చిన అల్లానికి అంటిన మట్టిని తడిమి తడిమి దులుపుతున్నాడు. నన్ను చూసి ఎడమకన్ను అరచేత్తో మూసుకున్నాడు.

"సుట్టు అంత కనవడుతున్నది తమ్మీ. అంగీ ఉన్నది, చెప్పులున్నయ్. నడుమల నల్లచుక్క. నీ మొకమే లేదు."

"మంచిగ చూడన్నా."

"లేదంటున్న గద."