అమ్మ ఇంగ్లీషులో మాట్లాడుతోంది

ఇది ఎందుకు రాయాల్సి వచ్చిందో ముందే చెబుతాను. మా అమ్మ మాటలు నాకు ఇంగ్లీషులో గుర్తొస్తున్నాయి. అమ్మకు ఇంగ్లీషు రాదు. బస్సు, టికెట్, ఫోను లాంటి మాటలు ఆమె నోట్లో ఉండేవి కానీ అవి ఇంగ్లీషని ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఆమె పోయిన తర్వాత, ఆమె నాతో అన్న మాటలు ఒక్కొక్కటే భాష మార్చుకుంటున్నాయి. మొన్నటిదాకా ఆమె గొంతులోనే ఉన్న ఒక తిట్టు, ఈ మధ్య ఒక ఉదయం నేను బట్టలు ఆరేస్తుంటే, తప్పుల్లేని ఇంగ్లీషులో వినిపించింది. ఎందుకు తిట్టిందో తెలుసు, తిట్టు అర్థమూ తెలుసు. అమ్మ ఏ మాటలతో తిట్టిందో మాత్రం ఎంత తలచుకున్నా రాలేదు. మిగిలినవైనా అలా కాకముందే కాగితం మీద పెట్టాలి. అన్నిటికంటే ముందు, దవాఖానలో ఆమె చివరిగా ఏమందో పెట్టాలి.

పదో తరగతితో నా బడి చదువు ఆగిపోయింది. ఆ తర్వాత చదివిందంతా ఆర్మూర్ గ్రంథాలయంలోనే. ఈ సంగతి నలుగురిలో చెప్పుకోవడం నాకు ఇష్టం. పోటీ పరీక్షల పిల్లలు కిటికీ పక్క కుర్చీలన్నీ పట్టుకుంటే, నేను వెనక బీరువాల దగ్గర ట్యూబులైటు కింద నిలబడి చదివేదాన్ని. ఇంగ్లీషు పుస్తకాల బీరువాకు ఎప్పుడూ తాళమే. మొదటిసారి నేను అడిగినప్పుడు లైబ్రేరియన్ సారు తాళంచెవి కోసం సొరుగులన్నీ వెతికి, తీరా తలుపు తీశాక దుమ్ముకు తుమ్మి, "నువ్వు రాకపోతే గీటికి గాలి గూడ తగలకపోవు బిడ్డా. ఇగ దీనికి ఓనర్‌వు నువ్వే," అన్నాడు. నిజంగానే ఓనరులా చదివాను. నిఘంటువును కూడా కథ చదివినట్టు మొదటి పేజీ నుంచి చివరిదాకా చదివాను. చాలామంది డిగ్రీలవాళ్ళు ఆ పని చేసి ఉండరు.

పగలు నాకు ఒక పసుపు కమీషన్ దుకాణంలో కంప్యూటర్ పని. బయటి రాష్ట్రాల వ్యాపారులు ఇంగ్లీషులో ఫోన్ చేస్తే నేనే మాట్లాడాలి. చదవడం వచ్చింది, రాయడం వచ్చింది, మాట్లాడటం మాత్రం రాలేదు. వాళ్ళు అన్నది తెలుగు చేసుకొని, జవాబు తెలుగులో అనుకొని, దాన్ని మళ్ళీ ఇంగ్లీషు చేసేసరికి అవతల రెండుసార్లు హలో అని పెట్టేసేవారు. సేటు నవ్వేవాడు.

"నీ జవాబు లారీల వస్తున్నట్టున్నదమ్మా. జర బస్సెక్కియ్యరాదు."

ఆ బీరువాలోనే ఒక పాత పుస్తకం దొరికింది. అట్ట ఊడిపోయింది కాబట్టి పేరు కూడా తెలియదు. మధ్యలో సొంత భాష వద్దు, నేరుగా ఇంగ్లీషులోనే ఆలోచించు అన్నది దాని సారం. ముందు కంటికి కనబడే ప్రతి వస్తువునూ మనసులో ఇంగ్లీషులో పిలవాలి. తర్వాత చేసే ప్రతి పనినీ చెప్పుకోవాలి. అది అలవాటయ్యాక, ఎదుటివాళ్ళు ఏ భాషలో మాట్లాడినా, వాళ్ళు చెబుతుండగానే లోపల ఇంగ్లీషులో వినాలి. అదే కష్టమైన మెట్టు. నేను దాన్ని ఇంట్లో అమ్మ మాటల మీదే సాధన చేశాను. వేరే ఎవరున్నారు?

అమ్మ పసుపు పాలిష్ పట్టే చోట కూలికి పోయేది. ఉడికించి ఎండబెట్టిన పసుపును పెద్ద ఇనుప డ్రమ్ములో వేసి, పొట్టు రాలేదాకా తిప్పుతారు. ఆ చప్పుడులో పక్క మనిషికి వినబడాలంటే అరవాల్సిందే. ఏళ్ళ తరబడి అలా అరిచి అమ్మ చిన్నగా మాట్లాడటమే మరిచిపోయింది. ఇంట్లో ఉప్పు అందియ్యమన్నా వీధి చివరికి వినిపించేది. నేను గోడకానుకొని పెదవులు కదుపుతూ కూర్చుంటే వింతగా చూసేది.

"ఏందే, ఒట్టి నోరు నములుతున్నవ్? ఆకలైతుందా?"

"ఇంగ్లీష్ నేర్చుకుంటున్న అమ్మా. నువ్వన్నదంత లోపట ఇంగ్లీష్ల మారుస్తున్న."

"గిప్పుడు నేనన్నది గూడనా?"

"గది గూడ మార్చిన."

"ఎట్లున్నది మరి? అండ్ల నేను మంచిగ మాట్లాడుతున్ననా?"

"మస్తు మాట్లాడుతున్నవ్. దొరసాని లెక్క."

"గట్లయితే రేపు గా దొరసానినే కూలికి తోలు. నేను జర నడుం వాల్చుత."

ఈ మాటలు ఇంకా ఆమెవే. రాస్తూ రెండుమూడు సార్లు పైకి చదివి చూసుకున్నాను.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం మార్కెట్ యార్డులో బస్తాల లారీ ఒకటి వెనక్కి వస్తూ నా మీదికే వచ్చింది. పక్కకు దూకాను. దూకిన క్షణంలో లోపల ఒక మాట వచ్చింది, ఇంగ్లీషులో. దాని ముందు తెలుగు లేదు. నేను దేన్నీ మార్చలేదు. గుండె ఇంకా దడదడలాడుతుండగానే నాకు నవ్వొచ్చింది. ఆ సాయంత్రం పరుగున పోయి లైబ్రేరియన్ సారుకు చెబితే ఆయన చాయ్ తెప్పించాడు. కొన్నాళ్ళకు ఫోన్లో వ్యాపారులు మాట పూర్తిచేయకముందే నేను జవాబిస్తున్నాను. "బస్సెక్కియ్యమంటే విమానమెక్కిచ్చినవేందమ్మా," అన్నాడు సేటు.

కానీ ఆ లోపలి గొంతు నాది కాదు. తెలుగులో నాలో నేను అనుకునేటప్పుడు అందులో నా యాస ఉండేది, నా విసుగు ఉండేది, ఒక్కోసారి అమ్మ అరుపు కూడా కలిసేది. ఈ గొంతులో ఎవరూ లేరు. దానికి ఊపిరి లేదు. సామాను తీసేసిన గదిలో ఎవరో నిలబడి చదువుతున్నట్టు ఉండేది. మొదట్లో నేను పిలిస్తే వచ్చేది. తర్వాత పిలవకుండానే వచ్చింది. ఆ తర్వాత ఆపినా ఆగలేదు. ఎవరైనా మాట్లాడుతుంటే వాళ్ళకంటే ముందే అది ముగించేది. పొద్దున సేటు అన్న మాట సాయంత్రానికి ఇంగ్లీషులోనే మిగిలేది. సేటు దాన్ని తెలుగులో ఎలా అన్నాడో నేను ఊహించుకోవాల్సి వచ్చేది. అప్పుడు నాకు భయం వేయలేదు. ఆఖరి మెట్టు ఎక్కేశాననుకున్నాను.

తర్వాత అమ్మకు ఊపిరి అందకుండా పోయింది. నిజామాబాద్ దవాఖానలో ఆమె ముఖానికి మాస్కు పెట్టారు. పక్క మంచం దగ్గర మెండోర నుంచి వచ్చిన ఒక అక్క, తన అత్తను చూసుకుంటూ ఉండేది. వాళ్ళది ప్రాజెక్టు నీళ్ళలో చేపలు పట్టే కుటుంబం. నా చార్జర్ ఆమె తీసుకునేది, ఆమె తెచ్చుకున్న అన్నంలో నాకు పెట్టేది. ఒక మధ్యాహ్నం, కిటికీ ఎండ మంచం కాళ్ళ దాకా వచ్చిన వేళ, అమ్మ మాస్కు పక్కకు జరిపి నా వైపు చూసి మాట్లాడింది. నేను మంచం పట్టీ పట్టుకొని విన్నాను. మరునాడు తెల్లవారాక ఆమె పోయింది.

దశదినం నాడు అందరూ కూర్చున్నప్పుడు పెద్దమ్మ, అంటే అమ్మకు సొంత అక్క, నా చెయ్యి పట్టుకుంది.

"పొయ్యేముందు నీతోని ఏమన్న చెప్పిందానే?"

నోరు తెరిచాను. ఇంగ్లీషు వచ్చింది. దాన్ని మింగి, తెలుగు చేసి చెప్పాను.

"ఒంటరిగా భోజనం చేయవద్దన్నది. ఎవరినో ఒకరిని పిలవమన్నది. ఇల్లు నిశ్శబ్దంగా ఉండకూడదన్నది."

పెద్దమ్మ నా చెయ్యి వదిలేసింది.

"భోజనమా? మా చెల్లె బతుకంత బువ్వనే అన్నది. నిశ్శబ్దమట! గది మా చెల్లె నోట్ల పుట్టిన మాట గాదు. నిజం చెప్పు, ఎవలన్నరు నీతోని?"

ఎవరో వెనక నుంచి, "చదువుకున్న పిల్ల గదా, జర సాఫ్ చేసి చెప్తున్నది," అని సర్దిచెప్పారు. కొందరు నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. నాకూ నవ్వు రాలేదు.

ఆ రోజు నుంచి ఆ మాటలను తిరిగి అమ్మ తెలుగులోకి తేవడమే నా పని. ఒక్కదానివే బువ్వ తినకు బిడ్డా అని ఉంటుందా? ఎవలనన్న పిలు అనా, పిలుచుకో అనా? ఎన్ని రకాలుగా కూర్చినా, బజార్లో పోయే ఎవరికో అమ్మ చీర కట్టినట్టు ఉండేది. అమ్మ అలా అని ఉంటే నాకు తెలియాలి. ఆ తెలియడమే జరగడం లేదు. పైగా కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ ఖాళీ గొంతు, ఒంటరిగా తినవద్దని ఇంగ్లీషులో, అరుపు లేకుండా, దగ్గు లేకుండా చెబుతుంది. మెల్లగా మిగతా మాటలకూ అదే గతి పట్టింది. అమ్మ నన్ను నిద్ర లేపిన మాట పోయింది. జడ వేస్తూ విసుక్కున్న మాట పోయింది. అర్థాలు ఉన్నాయి. అమ్మ లేదు.

ఆ మధ్యాహ్నం అక్కడ ఉన్న మనిషి ఇంకొకరు ఉన్నారు కదా అని ఆలస్యంగా తట్టింది. బస్సెక్కి మెండోర వెళ్ళాను. ఆ అక్క ఇంటి ముందు చేపలు ఆరబెడుతోంది. నన్ను చూసి పీట వేసింది. ఆమె అత్త బాగానే ఉంది, లోపలి నుంచి ఎవరొచ్చారని కేక వేసింది. కుశల ప్రశ్నలు అయ్యాక అడిగాను.

"అక్కా, గా దినం మా అమ్మ నాతోని మాట్లాడింది గదా. ఏమన్నదో నువ్వు ఇన్నవా?"

ఈగలు తోలుతున్న ఆమె చెయ్యి ఆగింది.

"మాట్లాడలె గదా చెల్లె."

"మాస్కు పక్కకు జరిపి మాట్లాడింది."

"మాస్కు తీస్తే నర్సమ్మ ఊకుంటదా? మీ అమ్మ మాట్లాడితే నాకు ఇనపడకపోవుడేంది? ముందటి దినం గామె నీళ్ళడిగితే అవతలి వార్డోళ్ళు లేచొచ్చి చూసిండ్రు. గా దినం ఒక్క మాట గూడ రాలె. నీ దిక్కు చూసుకుంట పండుకున్నది, గంతే."

"మరి ఎవలు మాట్లాడిండ్రు?"

"నువ్వే. మంచం పట్టీ పట్టుకొని, మెల్లగ, ఒకటే తీరుగ మాట్లాడినవ్. ఇంగ్లీష్ అనుకుంట. ప్రార్థన చేస్తున్నవేమో అని నేను నడుమ మాట్లాడియ్యలె."

ఆమె లోపలికి పోయి మంచినీళ్ళు తెచ్చింది. నేను తాగేదాకా చూసి, నన్ను ఊరడించడానికి కాబోలు, ఇంకో సంగతి చెప్పింది. అమ్మకు ఇంకా మాట వస్తున్న రోజుల్లో, నేను మందులకు కిందికి పోయినప్పుడు, నా గురించి ఒకటి అందట.

"ఏమన్నది?"

"'మా బిడ్డ లోపట ఇంకొకామె ఉంటదమ్మా. మంచిదే ఉన్నట్టున్నది. గని నాతోని ఒక్కపారి గూడ మాట్లాడలె,' అన్నది. నేను నవ్విన. మీ అమ్మ నవ్వలె."

చెప్పేటప్పుడు ఆమె గొంతు పెంచింది, అమ్మలాగా. వీధిలో పోయే మనిషి తిరిగి చూశాడు. ఒక్క క్షణం అమ్మ అక్కడే, ఆ చేపల వాసనలో, ఉంది. లోపలి గొంతు ఏమీ అనలేదు. నాకు తెలిసి అది నోరు మూసుకున్నది అప్పుడొక్కసారే. అమ్మ తనను చూసిందని దానికి కూడా తెలియదేమో.

ఆ మధ్యాహ్నం అమ్మతో మాట్లాడింది నా లోపలి ఆ ఇంకొకామే. అమ్మకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. అయినా నా వైపే చూస్తూ పడుకుందట. ఆ చూపు నాకు గుర్తుంది, దాన్ని ఇంగ్లీషు చేయడం కుదరలేదు కాబట్టి.

"ఇంకొకపారి చెప్పవా అక్కా, మా అమ్మ అన్నట్టే?"

ఆమె చెయ్యి తుడుచుకొని, సరిగ్గా కూర్చొని, మళ్ళీ చెప్పింది. "'మా బిడ్డ లోపట ఇంకొకామె ఉంటదమ్మా. నాతోని ఒక్కపారి గూడ మాట్లాడలె,' అన్నది."

మంచిదే ఉన్నట్టున్నది అన్న మాట ఈసారి రాలేదు. మరిచిందో, మొదటిసారి నా ముఖం చూసి తనే కలిపిందో. మూడోసారి అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఆ మాటను పైకే అనుకుంటూ వచ్చాను, లోపలికి పోతే మారిపోతుందని. పక్క సీటావిడ జరిగి కూర్చుంది.

ఈ రాతకు సాయపడిన వాళ్ళను తలచుకోవాలి. పేర్లు రాయడం వాళ్ళకు ఇష్టం లేదు, కనుక వరసలతోనే. బీరువా తాళం తీసిన సారుకు. ఫోన్ పెట్టేసే వ్యాపారుల మధ్య నన్ను పనిలోంచి తీసేయని సేటుకు. నా అబద్ధం కాని అబద్ధాన్ని వెంటనే పట్టుకున్న పెద్దమ్మకు. ఆమె ఇప్పుడు సాయంత్రాలు మా ఇంట్లోనే తింటోంది, ఎందుకు పిలిచానని అడగలేదు. వార్డులో తన అన్నం నాకు పెట్టి, అమ్మ మాటను తన గొంతులో దాచి ఉంచిన మెండోర అక్కకు. ఆమె చెప్పింది రెండు రకాలుగానూ ఇక్కడ రాశాను. అందులో ఏది అమ్మదో నాకు తెలియదు.